గండికోట దిగాక కడపలో రెండు మర్దనలు

గండికోటలో పెన్నా లోయ అంచున రాళ్లెక్కి దిగి, మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూసుకుని కడప చేరేసరికి నా పిక్కలు బిగుసుకుపోయాయి, మా పెద్దమ్మకు నడుము పట్టేసింది. దిగిన హోటల్లో గదులు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లకు లోటు లేదు. అక్కడి మసాజ్ గురించి మాత్రం మంచి మాట చెప్పలేను. ప్రయాణపు అలసటకు తేలికగా నిమిరే స్వీడిష్ పద్ధతి చాలునని ఇప్పుడు తెలుసు గాని, ఆ రాత్రి నేను కండరాల లోపొరలను నిదానంగా ఒత్తి సడలించే డీప్ టిష్యూ అడిగాను. అక్కడి కుర్రవాడు నొప్పి ఎక్కడని అడగకుండానే మొదలుపెట్టి, వెన్నుపూసల మీదే మోచేతితో నొక్కాడు. రెండుసార్లు వద్దన్నాక గాని ఆపలేదు. తెల్లవారి మెడ తిప్పలేకపోయాను.

మరునాడు ఊళ్లోనే ఒక ఆయుర్వేద వైద్యశాలకు వెళ్లాం. గది ఇరుకు, చెక్కబల్ల పాతది. అయినా వైద్యురాలు రక్తపోటు చూసి, వాడే మందులు, పాత దెబ్బలు, అన్నం తిన్న వేళ అన్నీ అడిగి రాసుకున్నారు. పెద్దమ్మ పిక్కల వెనుక ఉబ్బిన నీలి నరాలు చూసి, "అమ్మా, మీకు మోకాళ్ల కింద ఒత్తకూడదు, నడుముకూ భుజాలకూ మాత్రమే చేయిస్తాను" అన్నారు. కాళ్ల సిరల్లో గడ్డకట్టిన రక్తం ఉంటే, ఒత్తిడికి అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. హోటల్లో ఈ మాట ఎవరు చెప్పేవారు?

పెద్దమ్మకు ఆడమనిషే అభ్యంగనం చేసింది. గోరువెచ్చని నువ్వుల తైలం చుక్క తన మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకున్నాకే, వీపు మీద నిలువుగానూ, భుజాల కీళ్ల దగ్గర గుండ్రంగానూ చేతులు నడిపింది. తర్వాత వావిలి, ఆముదం, చింత ఆకులు వేయించి గుడ్డలో కట్టిన మూటతో నడుముకు కాపడం పెట్టింది. ఈ కాపడంతో బిగువు సడలి కొన్నాళ్లు ఉపశమనం ఉంటుందే తప్ప, అరిగిన కీళ్లు మునుపటిలా కావని వైద్యురాలు ముందే చెప్పడం నాకు ఎంతో నచ్చింది. ఆ సాయంత్రం ఒంటిమిట్ట కోదండరామాలయ మంటపంలో చాలాసేపు కూర్చున్న పెద్దమ్మ, లేచేటప్పుడు నా చెయ్యి అడగలేదు.

వెళ్లేవారు పొద్దుటి వేళ, తిన్న రెండు గంటల తర్వాత వెళ్లండి. తైలపు మరక వదలదు కనుక పాత నూలుబట్టలు వెంట తీసుకెళ్లండి.