28 కాస్తా 8 అయింది: ఓర్కాతో రెండేళ్లు దాటాక

నాకు చూపు లేదు. ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతాను. 2023 చివర్లో ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 అనే ఉచిత లినక్స్ సిస్టమ్ వేసుకున్నప్పటి నుంచి, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఓర్కా స్క్రీన్ రీడర్‌తోనే నా పని. సూపర్ (విండోస్ గుర్తున్న మీట), ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే అది లేస్తుంది. నా గొడవంతా అది నోరు తెరిచేటప్పుడు మొదట్లో పోయే అరసెకను గురించే.

తొమ్మిదో తరగతి మార్కులు ఎక్సెల్ లాంటి కాల్క్‌లో ఎక్కిస్తున్నాను. బ్రెయిలీ కాగితం తడమడం, అంకె కొట్టడం, మళ్లీ కాగితం. ఒక పిల్లకి 28 కొట్టాను. కాగితం చూసుకుని వెనక్కొచ్చి వింటే "ఎనిమిది" అంది. 2 సరిగా పడలేదు కాబోలని ముందు ఒక 2 చేర్చాను. నమ్మకం చాలక ఇంకోసారి కాగితం తడిమి వచ్చి వింటే "ఇరవై ఎనిమిది". హమ్మయ్య అనుకున్నాను. చివర్లో క్లాస్ ఫస్ట్ ఎంతో చూద్దామని అన్నిట్లోకి పెద్ద అంకె అడిగితే 228 అంది, ఈసారి పూర్తిగా! పరీక్ష 40 మార్కులకి. మొదట "ఇరవై" మింగింది, తర్వాత "రెండు వందల" మింగింది.

ముందు ఓర్కా వాడే ఈస్పీక్ అనే తెలుగు గొంతును అనుమానించాను. వేగం తగ్గించాను, ఇంగ్లీషు గొంతు పెట్టి చూశాను, ఓర్కా మాటల్ని ఆ గొంతుకి చేర్చే స్పీచ్ డిస్పాచర్‌ని ఆపి మళ్లీ లేపాను. తేడా లేదు. రిపేరు షాపులో చూపిస్తే అతను ఒక పాట పెట్టి "సౌండ్ బానే ఉంది కద సార్" అన్నాడు. పాటలో మొదటి అరసెకను పోతే ఎవరికి పట్టింది? నాకేమో బాణం మీట నొక్కితే వచ్చే ఒక్క అక్షరమే మొత్తం మాట. అది కాస్తా ఆ అరసెకనులోనే పోతోంది.

దారి దొరికింది అనుకోకుండా. ఓ ఆదివారం ల్యాప్‌టాప్‌లోనే ఆన్‌లైన్ రేడియో సన్నగా పెట్టుకుని ప్రశ్నపత్రం టైపు చేస్తుంటే ఒక్క అక్షరం కూడా పోలేదు. రేడియో ఆపాను, మళ్లీ మింగుడు మొదలు. అంటే గొంతుది కాదు తప్పు, సౌండ్ కార్డు నిద్రపోతోంది. లినక్స్‌లో శబ్దాన్ని స్పీకర్‌కి చేర్చేది పైప్‌వైర్. దాన్ని నడిపే వైర్‌ప్లంబర్ కరెంటు ఆదా కోసం, ఐదు సెకన్లు నిశ్శబ్దం ఉంటే శబ్దం దారిని మూసేస్తుంది. దాని కింద సౌండ్ కార్డుని నడిపే కెర్నల్ డ్రైవర్‌కి ఇంకో ఆదా లెక్క ఉంది. మళ్లీ మాట రాగానే రెండూ లేచేలోపు మొదటి ముక్క గాల్లో కలుస్తుంది. డ్రైవర్‌లో పవర్ సేవ్‌ని 0 చేస్తే సగం తగ్గింది. వైర్‌ప్లంబర్‌లో ఆ ఐదు సెకన్లను కూడా 0 చేశాక పూర్తిగా పోయింది. బ్యాటరీ కొంచెం ఎక్కువ తింటుందేమో, నాది ఎప్పుడూ ఛార్జర్ మీదే ఉంటుంది కాబట్టి లెక్కగట్టలేదు.

అయిపోయిందనుకున్నాను. డెబియన్ 13కి మారగానే మళ్లీ అదే మింగుడు. అందులో వచ్చేది కొత్త వైర్‌ప్లంబర్. దాని 0.5 వెర్షన్ నుంచి సెట్టింగ్స్ లువా భాషలో రాస్తే చదవదట, కొత్త పద్ధతిలో రాయాలట. నా పాత ఫైలు ఉన్నచోటే ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లే లేరు. తప్పు అని ఒక్క మాట కూడా రాలేదు. ఒక సాయంత్రం కూర్చుని తిరగరాశాను.

మొదట డెబియన్ ఎక్కించిన కొత్తలో మా స్టాఫ్‌రూమ్‌లో గొప్పగా చెప్పుకున్నాను: కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బూట్ మెనూలో ఎస్, ఎంటర్ కొడితే ఇన్‌స్టాలరే మాట్లాడుతుంది, చూపున్నవాళ్ల సాయం అక్కర్లేదు అని. అది మాట్లాడిన మాట నిజమే. కానీ మెనూ వచ్చిందని తెలిపే బీప్ నా ల్యాప్‌టాప్‌లో వినపడలేదు, "ఇప్పుడు నొక్కు నాన్నా" అని చెప్పింది మా అబ్బాయి. ఆ ముక్క అప్పుడు చెప్పలేదు.

నా పని రైటర్ (వర్డ్ లాంటిది), కాల్క్, బ్రౌజర్, అంతే. వాటికి ఇది చాలు, పైసా ఖర్చు లేదు. మీ ఆఫీసు సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవకపోతే మాత్రం విండోస్‌లో నడిచే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ కూడా ఉచితమే, అక్కడే ఉండండి. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్‌లో ఫైలు తెరిచి ఒక అంకె మార్చడానికి జంకేవాళ్లకి నేనైతే ఇంకా ధైర్యంగా చెప్పలేను. నా ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగానే పలుకుతోంది. అయినా మార్కులు ఎక్కించే రోజు మాత్రం దాంట్లో రేడియో సన్నగా పెట్టుకునే కూర్చుంటాను.