రెండున్నరేళ్ళు వాడాక: పాతకాలం కాటన్ గౌను, జతగా వచ్చిన లేసు శాలువా

ఈ సెట్‌ని గౌను కోసమే కొన్నాను. శాలువా ఊరికే వచ్చిందనుకున్నాను. ఇప్పుడు రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే శాలువానే ఉంచుకుంటాను.

2023 జనవరిలో ఆన్‌లైన్‌లో 3,400 రూపాయలకు తీసుకున్నాను. 'వింటేజ్' అని పేరు తగిలించి అమ్మేవాటిలో చాలావరకు మామూలు ఫ్రాకులే. ఇది మాత్రం నిజంగానే 1950ల కోత. నడుము దగ్గర బిగువుగా పట్టి, అక్కణ్ణుంచి గొడుగులా విచ్చుకుంటుంది. చిన్న గుండ్రటి కాలరు, ముందువైపు అదే గుడ్డ చుట్టిన గుండీలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బట్టకి రేషన్ పెట్టి జనాన్ని విసిగించాక, 1947లో పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ గజాలకొద్దీ గుడ్డ పోసి గౌన్లు కుట్టించాడు కదా, ఆ వరసే. దీనికీ గుడ్డ విషయంలో పిసినారితనం చేయలేదు. కింద ఘేరు, అంటే అంచు చుట్టుకొలత, కొలిస్తే మూడు మీటర్లు దాటింది. రెండు పక్కలా జేబులున్నాయి, ఫోను మొత్తం మునిగేంత లోతు. కొనడానికి సగం కారణం ఆ జేబులే.

మొదటి ఉతుకుకి పొడవు 46 అంగుళాల నుంచి 44న్నరకి వచ్చింది. కాటన్ అంటే కుంచించుకుపోతుందని తెలిసీ నానబెట్టకుండా వేసుకోవడం నా తప్పే. కింద మడతలో రెండంగుళాల గుడ్డ వదిలారు కాబట్టి టైలర్ విప్పి సరిచేశాడు. పక్క జిప్పు మాత్రం ఏడాది తిరక్కుండానే పళ్ళు వదిలేసింది. మార్పించడానికి నూట ఇరవై అయింది. లైనింగ్ నడుము వరకే ఉంది. ఎండలో నిలబడితే లోపల లంగా ఉండాల్సిందే. ఈ సంగతి ఫొటోల్లో తెలియదు.

ఇక శాలువా. 72 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు. నాలుగంగుళాల చదరపు గడులు, ఒక్కోదాంట్లో ఒక్కో పువ్వు, మొత్తం తొంభై. 'యూరోపియన్ స్టైల్ లేసు' అని రాసి అమ్మారు. నేనూ అదే నమ్మి, ఆ సంక్రాంతికి దాన్ని వేసుకుని పాలకొల్లు దగ్గర మా పిన్ని ఇంటికి వెళ్ళాను. పిన్ని చెంగు పట్టుకుని వెనక్కి తిప్పి చూసి నవ్వింది.

"యూరోపు లేదు గీరోపు లేదే అమ్మాయ్. ఇది మా నరసాపురం వైపు చేతిపని. పువ్వులు ఒకళ్ళు అల్లారు, అతుకుపని ఇంకొకళ్ళు చేశారు. చూడు, అతుకులన్నీ ఒకేలా ఉన్నాయి, పువ్వులు మాత్రం ఒకదానికొకటి తేడా."

చూస్తే నిజమే. ఒక పువ్వు బిగువు, దాని పక్కది కాస్త వదులు. పెళ్ళికి ముందు పిన్ని కూడా అల్లేదట. దారం లెక్కన కూలి ఇచ్చేవారట, ఎంతో చెప్పమంటే "ఇప్పుడెందుకులే" అంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి జిల్లాలకు తెచ్చిన పని ఇది. ఆ రకంగా చూస్తే యూరోపు అన్న మాట పూర్తి అబద్ధం కాదు. నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. అమ్మేవాళ్ళకి ఆ ఊరి పేరు రాయడానికి ఏం అడ్డొచ్చిందో!

వాడకంలో దీంతో తంటాలు తక్కువేం కాదు. గాజులకి పట్టుకుంటుంది, నల్లపూసలకి పట్టుకుంటుంది, బ్యాగు జిప్పు చూస్తే పరుగెత్తుకెళ్ళి ఇరుక్కుంటుంది. మెట్రోలో దిగే తొందరలో ఒకసారి పక్కావిడ బ్యాగు లాక్కుపోయి ఒక గడి చిరిగింది. మొత్తం జారిపోతుందని టెన్షన్ పడ్డాను. స్వెటర్‌కి దారం తెగితే నిచ్చెనలా కిందికి జారుతుంది కదా. ఈ శాలువా కొక్కెం సూదితో అల్లిన క్రోషే పని, అది అలా కాదు. ఒక ముడి పూర్తయ్యాకే రెండోది వేస్తారు కాబట్టి చిరుగు అక్కడే ఆగింది. పిన్ని ఆ గడిని కత్తిరించి తీసేసి, కొత్తది అల్లి, నాలుగు పక్కలా అతికింది. సూది కొక్కెం లోపలికి పోవడం, దారం మెలికతో పైకి రావడం, అంత చురుగ్గా నా కళ్ళు కూడా తిరగలేదు. టీ చల్లారేలోపు అయిపోయింది. మిషను లేసైతే ఈ రిపేరు కుదిరేది కాదు.

ఉతికాక దండెం మీద మాత్రం వేయొద్దు. నేను వేశాను. తడి బరువుకి సాగి ఏడంగుళాలు పెరిగింది. మళ్ళీ తడిపి, తువ్వాలు మీద పరిచి, చేత్తో దగ్గరికి నొక్కి, గడులు చదరంగా సర్ది ఆరబెడితే దారికొచ్చింది. పులిహోర మరక పడితే సబ్బు పెట్టకండి. పసుపు కాస్తా ఎర్రగా మారి, గుండె ఆగినంత పనవుతుంది. నీళ్ళతో జాడించి రెండు రోజులు ఎండలో ఉంచితే నాది దాదాపు పోయింది.

నా అసలు ఫిర్యాదు రంగు. కొన్నప్పుడు రెండూ ఒకే మీగడ రంగు. గౌను వారంవారం మిషన్లో, పౌడరులో. శాలువా ఎప్పుడో ఒకసారి కుంకుడు రసంలో. ఎనిమిది నెలలకి గౌను తెల్లకాగితంలా అయింది, శాలువా పాత పెళ్ళి శుభలేఖలా అయింది. పైగా పిన్ని అల్లిన కొత్త గడి మల్లెపూవులా విడిగా మెరుస్తూ ఉంది. జత అన్న మాటకి అర్థమే లేకుండా పోయింది.

పోయిన నెల తెగించి, బకెట్‌లో టీ డికాషన్ కాచి, వడకట్టి, ఉప్పు వేసి రెండింటినీ ముంచాను. అరగంట కలియతిప్పుతూనే ఉన్నాను. కాటన్ బాగా పీల్చుకుంది. ఇప్పుడు గౌను, శాలువా, ఆ కొత్త గడి అన్నీ ఒకే పాత రంగులో ఉన్నాయి. ఒక్క సంగతి నాకు తట్టలేదు. గౌను కుట్టిన దారం పాలిస్టర్. దానికి టీ పట్టలేదు. అందుకని ఇప్పుడు కాలరు చుట్టూ, జేబుల అంచున, గుండీల వెంట ప్రతి కుట్టూ తెల్లగా లెక్కపెట్టుకునేలా కనిపిస్తుంది. డిజైనే అలా ఉందనుకుని ఆఫీసులో ఇద్దరు ఎక్కడ కొన్నావని అడిగారు.