"అన్ని సాఫ్ట్‌వేర్లలో పనిచేస్తుంది" అన్న ప్లగిన్ బండిల్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇంట్లోనే స్టూడియో పెట్టుకుని పాటలు మిక్స్ చేసుకునేవాళ్ల కోసం ఈ పోస్ట్. పండగ ఆఫర్ పేరుతో రివర్బ్ (ప్రతిధ్వని చేర్చేది), కంప్రెసర్, ఈక్యూ ప్లగిన్లు, అంటే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ లోపల పెట్టుకునే చిన్న ప్రోగ్రాములు, కలిపి ఒక బండిల్‌గా అమ్ముతున్నారు. కంపెనీ పేరు రాయను. ఫార్మాట్ గురించి వాళ్ల పేజీలో ఉన్నది ఒకే ముక్క: "అన్ని మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లలో పనిచేస్తుంది." ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి.

కట్టాక నా చేతికి వచ్చినవి విండోస్ డీఎల్‌ఎల్ ఫైళ్లు మాత్రమే. వీఎస్‌టీ2 అనే పాత ప్లగిన్ ఫార్మాట్, అదీ 32 బిట్. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్లలో లాజిక్ ప్రోకి ఏయూ ఫార్మాట్ కావాలి, ప్రో టూల్స్‌కి ఏఏఎక్స్ కావాలి, ఇందులో రెండూ లేవు. క్యూబేస్ 2016లో వచ్చిన 9వ వెర్షన్‌తోనే 32 బిట్‌కి నమస్కారం పెట్టేసింది, ఏబుల్టన్ లైవ్ 10తో అదే పని చేసింది. వీఎస్‌టీని పుట్టించిన స్టైన్‌బర్గే 2018లో వీఎస్‌టీ2 డెవలపర్ కిట్ ఇవ్వడం మానేసింది. ఇప్పుడు కొత్త సరుకంటూ వీఎస్‌టీ2 ఒక్కటే అంటగడితే అది పాత స్టాకు కాక మరేమిటి?

నేను వాడే సాఫ్ట్‌వేర్ రీపర్. 32 బిట్ ప్లగిన్లను బ్రిడ్జ్ చేసి, అంటే విడి ప్రోగ్రామ్‌లో పెట్టి, నడుపుతుంది కాబట్టి తెరుచుకుంది. అసలు తలనొప్పి అక్కడ మొదలైంది. వోకల్ ట్రాక్ మీద ఆ రివర్బ్ పెట్టగానే టప్ టప్‌మని శబ్దాలు. సపోర్ట్‌కి రాస్తే, "మీ ప్రాసెసర్ చాలదు, బఫర్ పెంచండి" అన్నారు. బఫర్ అంటే ఒక్కో విడతలో లెక్కించే సౌండ్ శాంపిళ్ల సంఖ్య. టాస్క్ మేనేజర్‌లో చూస్తే ప్రాసెసర్ సగం కూడా వాడుకలో లేదు.

ఈ తేడా చాలామందికి అంతుపట్టదు. టాస్క్ మేనేజర్ మొదట చూపేది కోర్లన్నిటి సగటు. ఒకే ట్రాక్ మీది ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటి నడవాలి కాబట్టి భారమంతా దాదాపు ఒక్క కోర్ మీద పడుతుంది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 128 ఉంటే ఒక్కో విడతకు గడువు 2.9 మిల్లీసెకన్లు. అది దాటితే శబ్దం తెగుతుంది. 512 పెడితే 11.6 దొరుకుతాయి, నిజమే. కానీ రికార్డింగ్‌లో సాఫ్ట్‌వేర్ గుండా వినే సింగర్‌కి తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తుంది. ఇక పాడినట్టే!

ఇంకో విచిత్రం చూడండి. పాట ఆపితే లోడ్ తగ్గాలి కదా, ఇది పెరిగింది. రివర్బ్ టెయిల్ (చివర మిగిలే ప్రతిధ్వని) సన్నబడేకొద్దీ లోడ్ మీటర్ పైకి పోయింది. సున్నాకు అతి దగ్గరగా ఉండే డీనార్మల్ సంఖ్యలు వస్తే ప్రాసెసర్ వాటి లెక్కకు మామూలు కంటే ఎన్నో రెట్లు సమయం తీసుకుంటుంది. ప్లగిన్ రాసేవాళ్లు వాటిని సున్నా చేసేయాలి. పరీక్షగా రివర్బ్‌కి ముందు చెవికి అందనంత తక్కువ నాయిస్ పెట్టాను. లోడ్ ఠక్కున పడిపోయింది. ప్రాసెసర్ చాలకపోతే ఇలా జరగదు. ఇదంతా స్క్రీన్ మీద రికార్డ్ చేసి సపోర్ట్‌కి పంపితే, "సీరియల్ యాక్టివేట్ అయింది, రిఫండ్ కుదరదు" అని ఒక్క లైన్ జవాబు.

ఏ ఫార్మాట్, ఎన్ని బిట్లు, కొత్త మ్యాక్ అయితే రోజెటా (పాత ఇంటెల్ ప్రోగ్రాములను నడిపే సాధనం) లేకుండా నడుస్తుందా అన్నది ముందే మెయిల్‌లో రాయించుకోండి. డెమో ఇవ్వకపోతే వదిలేయండి. ఇస్తే ఖాళీ ప్రాజెక్ట్‌లో కాదు, మీ దగ్గరున్న అన్నిటికంటే బరువైన పాటలో పెట్టి, 128 బఫర్‌తో చూడండి. పాట ఆపాక కూడా కాసేపు మీటర్ మీద కన్నేసి ఉంచండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే ఆ పేజీ స్క్రీన్‌షాట్, మెయిళ్లు జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి. నేను వేశాను, ఇంకా తేలలేదు.