‘ఎ డే ఇన్ ద లైఫ్’ కచేరీలో వినాలంటే ఏది మేలు: స్టేడియమా, ఒంటరి గిటారా, నిండు ఆర్కెస్ట్రానా?

ఇంగ్లండుకు చెందిన నలుగురి రాక్ బృందం బీటిల్స్ పాటల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మిత్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఎ డే ఇన్ ద లైఫ్’ను ఆ నలుగురూ కలిసి వేదిక మీద పాడి ఉంటే ఎలా ఉండేది? ఇప్పుడు దానిని కచేరీలో వినాలనుకునేవారికి ఏ పద్ధతి మేలు? వారు దానిని వేదిక మీద ఎన్నడూ పాడలేదన్నది అభిమానులందరికీ తెలిసిందే. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో తమ చివరి టిక్కెట్టు కచేరీ ముగించి, మరుసటి జనవరిలో ఈ పాట రికార్డింగు మొదలుపెట్టారు. జనం ముందు ఎలా వాయించాలన్న చింత లేకుండా కట్టిన పాట కనుక దీనికి మూల ప్రదర్శన అంటూ లేదు; ఉన్నది రికార్డు ఒక్కటే. ఎవరు ఎక్కడ పాడినా ఈ పాట కచేరీ రూపంలో కొంత ఊహ కలిసే ఉంటుంది. ఆ ఊహల్లో ఏది పాటకు దగ్గరగా వెళ్తుందన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం.

చాలామంది దీనిని గాత్రాన్ని బట్టి తేలుస్తారు: పాటలో చరణాలు పాడిన జాన్ లెనన్ లేడు కనుక, మధ్యభాగం పాడిన పాల్ మెకార్ట్నీ ఇప్పుడు పాడిందే ప్రమాణమంటారు. ఆ వాదన మీద నాకు గౌరవం ఉంది. అయినా ఈ పాట విషయంలో తీర్పు చెప్పవలసింది గాత్రం కాదని, పాట మధ్యలో ఉన్న ఆ 24 బార్లని (తాళపు ఆవర్తాల వంటి కాలభాగాలని) నేను నమ్ముతున్నాను.

ఆ 24 బార్లు మొదట వట్టి ఖాళీ. లెనన్ చరణాలకూ మెకార్ట్నీ రాసిన మధ్యభాగానికీ నడుమ ఏమి రావాలో తోచక, లెక్క తప్పకుండా ఉండేందుకు తమ సహాయకుడు మాల్ ఎవాన్స్ చేత ఒకటి నుంచి అంకెలు చెప్పించి, చివర ఒక అలారం గడియారం మోగించి, ఆ జాగాను అలాగే వదిలేశారు. 1967 ఫిబ్రవరి 10న ఆబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోకు నలభైమంది సింఫనీ వాద్యకారులను పిలిపించి దానిని నింపారు. నిర్మాత జార్జ్ మార్టిన్ ఒక్కొక్క వాద్యానికి మొదట్లో అది పలకగల అతి కింది స్వరాన్ని, చివర్లో ‘E మేజర్’ కార్డుకు (ఒకేసారి కలిసి పలికే స్వరాల గుత్తికి) సరిపడే పై స్వరాన్ని రాసి, నడుమ మెలికలు తిరిగిన గీత ఒకటి గీసి ఇచ్చాడు. మంద్రంలో మెల్లగా మొదలుపెట్టి తారస్థాయిలో గట్టిగా ముగించాలి. దారిలో ఎవరి వేగం వారిది. పక్కవారు ఏ స్వరం మీద ఉన్నారో వినకూడదు. పక్కవారితో శ్రుతి కలపడమే జీవితమంతా నేర్చుకున్న వాద్యకారులకు ఇంతకన్నా కష్టమైన ఆజ్ఞ ఉండదు. ఆ రాత్రి వారు కచేరీ దుస్తుల మీద విందు వేడుకల మాస్కులు, టోపీలు పెట్టుకుని వాయించారని చదివినప్పుడు నాకు అది వట్టి సరదాగా అనిపించలేదు. అలవాటైన క్రమశిక్షణను కాసేపు పక్కన పెట్టడానికి వారికి ఆ వేషం ఎంతో కొంత తోడ్పడి ఉంటుందని నా అభిప్రాయం. అలా వాయించినదాన్ని పలుమార్లు రికార్డు చేసి ఒకదానిపై ఒకటి పేర్చారు.

కనుక మనకు వినిపించే ఆ ఉప్పెన వట్టి హోరు కాదు. నలభైమంది ఒకే గమ్యానికి నలభై దారుల్లో వెళ్తున్నారు. ఏ క్షణంలో విన్నా ఒక వయొలిన్ ముందుంటుంది, ఒక చెల్లో వెనకబడి ఉంటుంది, ట్రంపెట్ ఇంకెక్కడో ఉంటుంది. చివరి బారులో మాత్రమే అందరూ ఒకచోట కలుస్తారు. దీనిని కచేరీలో వినాలంటే అక్కడ అంతమంది మనుషులు తమ తమ నిర్ణయాలు తీసుకుంటూ ఉండాలి. ఈ కొలమానంతో చూడటం మొదలుపెట్టాక నాకు మూడు పద్ధతుల బలాబలాలు తేటపడ్డాయి.

మొదటిది స్టేడియం పద్ధతి. పాల్ మెకార్ట్నీ 2008 జూన్ 1న లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్ మైదానంలో ఈ పాటను మొదటిసారి వేదిక మీద పాడాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని సిటీ ఫీల్డ్‌లో పాడినది రికార్డుగా కూడా వచ్చింది. తానూ మరో నలుగురూ ఉన్న బృందంలో ఆర్కెస్ట్రా బాధ్యత ప్రధానంగా కీబోర్డు వాయించే విక్స్ విక్కెన్స్‌ది. దీని బలం ఏమిటో చెప్పడానికి సంగీతశాస్త్రం అక్కరలేదు: పోయిన స్నేహితుడు రాసిన చరణాలను, ఇద్దరూ పుట్టి పెరిగిన ఊళ్లో, ఆ పాటను కలిసి కట్టిన మనిషి స్వయంగా పాడుతున్నాడు. దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు. అయితే 24 బార్ల దగ్గరికి వచ్చేసరికి ఒక మనిషి పది వేళ్లతో నలభైమంది పని చేయవలసి వస్తుంది. ఎంత నేర్పరి అయినా కీబోర్డు నుంచి వచ్చే ఉప్పెనలో స్వరాలు ఒక జట్టుగా లేస్తాయి. దారితప్పే వయొలిన్ ఉండదు, వెనకబడే చెల్లో ఉండదు. శబ్దం పెద్దదే, కాని అందులో భయం లేదు.

పైగా ఆ ప్రదర్శన పాట చివరికి చేరదు. చివరి కార్డు రాకముందే ‘గివ్ పీస్ ఎ చాన్స్’లోకి మళ్లుతుంది, స్టేడియమంతా గొంతు కలుపుతుంది. మైదానంలో అది సరైన నిర్ణయమేనని ఒప్పుకుంటాను. వేలమంది కేకల నడుమ ఒక పియానో కార్డు సన్నగిల్లడాన్ని ఎవరు వినగలరు? 1965లో న్యూయార్క్ షేయా స్టేడియంలో యాభై అయిదు వేల పైచిలుకు జనం ముందు వాయించినప్పుడు ఆ కేకల్లో తమ వాద్యాలు తమకే వినపడలేదని బీటిల్స్ స్వయంగా చెప్పుకున్నారు. స్పీకర్లు అప్పటికన్నా ఎన్నో రెట్లు మెరుగుపడ్డాయి గాని, మైదానం నిశ్శబ్దాన్ని ఇవ్వలేదన్న సంగతి మాత్రం మారలేదు.

రెండోది గిటారు పద్ధతి. బ్రిటిష్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ ఈ పాటను గాత్రం లేకుండా గిటారు మీద వాయించేవాడు. లండన్‌లోని రోనీ స్కాట్స్ క్లబ్బులో 2007లో రికార్డు చేసిన ప్రదర్శనకు 2010లో గ్రామీ కూడా వచ్చింది. పిక్ వాడకుండా వేళ్లతోనే మీటుతూ, తీగల శ్రుతిని వంచే ట్రెమలో ఆర్మ్‌తో లెనన్ గొంతులోని నీరసాన్ని, నిర్లిప్తతను అతడు పలికించిన తీరు వింటే మాటలు లేని లోటు తెలియదు. మన గమకాలకు అలవాటుపడిన చెవికి ఈ వాదన తొందరగా పడుతుందని నా అనుభవం, ఎందుకంటే స్వరాన్ని నేరుగా తాకకుండా కింద నుంచి జార్చుతూ చేరుకోవడంలోనే అతని ప్రతిభ అంతా ఉంది. నాలుగు వాద్యాల చిన్న బృందంతో 24 బార్లనూ ధైర్యంగా ఎదుర్కొన్నాడు. అయినా అక్కడ వినిపించేది ఒక్కడి ఆరోహణ. ఒక్కడు ఎంత ఎత్తుకు ఎక్కినా, నలభైమంది మధ్య ఉండే అనైక్యత అందులో పుట్టదు. ఇది పాటపై గొప్ప భాష్యం. పాట మాత్రం కాదు. బెక్ 2023 జనవరిలో కన్నుమూశాడు కనుక ఇక ఈ పద్ధతి కూడా రికార్డులోనే మిగిలింది.

మూడోది నేను మొగ్గుచూపేది: మూసిన సభామందిరంలో నలుగురి బృందం, వారి వెనుక నలభైమంది ఆర్కెస్ట్రా. దీనిలో ఇబ్బందులు చాలానే ఉన్నాయి, వాటిని దాచనవసరం లేదు. నలభైమందికి పారితోషికం, రిహార్సల్, మైకులు అంటే టిక్కెట్టు ధర ఎక్కడికో పోతుంది. రికార్డులో ఆర్కెస్ట్రా మీద ఆర్కెస్ట్రాను పేర్చి తెచ్చిన గాఢత వేదిక మీది నలభైమందికి ఎలాగూ రాదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు కండక్టరుతో: ఎవరి దారిన వారిని పోనివ్వడం అతని వృత్తిధర్మానికే విరుద్ధం. రిహార్సల్ ఎక్కువైన కొద్దీ వాద్యకారులు తెలియకుండానే పక్కవారితో సర్దుకుంటారు, ఉప్పెన చక్కటి సామూహిక జారుడుగా మారిపోతుంది. ఈ 24 బార్లను తక్కువ సాధన చేయడమే మంచిదని నాకనిపిస్తుంది. బార్ల లెక్క ఒక్కటి అందరికీ కచ్చితంగా తెలిస్తే చాలు. అప్పుడు ఏ రెండు రాత్రుల ఉప్పెనా ఒకేలా ఉండదు. కచేరీకి వెళ్లి వినడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు కనిపించదు.

మందిరం అనగానే పాటలోనే పేరున్న లండన్ ఆల్బర్ట్ హాలు గుర్తుకు రావడం సహజం. నేను మాత్రం దానిని ఎంచుకోను. అయిదు వేలకు పైగా జనం పట్టే ఆ గుమ్మటం 1871లో తెరిచిననాటి నుంచీ ప్రతిధ్వనికి పేరుమోసింది. 1969లో కప్పు నుంచి ఫైబర్‌గ్లాస్ పళ్లేలు వేలాడదీసి దానిని అదుపు చేశారు. ఆర్కెస్ట్రా ఉప్పెనకు అది అనుకూలమే గాని, లెనన్ చరణాల వెనుక బీటిల్స్ డ్రమ్మర్ రింగో టామ్ డ్రమ్ముల మీద మాట్లాడినట్టు వాయించిన దెబ్బలు అంత పెద్ద గుమ్మటం కింద అలుక్కుపోతాయని నా భయం. ఆ దెబ్బల మధ్య ఖాళీలు వినపడకపోతే చరణాలు సగం పోయినట్టే. రెండు వేలమంది పట్టే మందిరం చాలు.

చివరి కార్డు సంగతి వేరుగా చెప్పాలి. మూడు పియానోల మీద లెనన్, మెకార్ట్నీ, రింగో, మాల్ ఎవాన్స్ ఒక్కసారిగా కొట్టిన ఆ E మేజర్ కార్డు నలభై సెకన్లకు పైగా వినిపిస్తుంది. అది పియానో గొప్పతనం మాత్రమే కాదు: ధ్వని తగ్గుతున్న కొద్దీ ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఫేడర్లను (ధ్వని స్థాయిని పెంచే మీటలను) పైకి నెడుతూ పోయాడు, అందుకే చివర్లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా రికార్డులో పడింది. కచేరీలో అలా మైకుల స్థాయి పెంచితే స్పీకర్ల ధ్వని తిరిగి మైకుల్లోకి వెళ్లి కూత పెడుతుంది. కనుక ఆ పని చేయకూడదు. పియానోలు సహజంగా ఎంతసేపు పలికితే అంతసేపే వినాలి. రికార్డు కన్నా ఇది తొందరగా ముగుస్తుంది, అయినా మందిరంలో అది దొంగ పొడవు కాదు. కండక్టరు చేతులు దించేదాకా చప్పట్లు ఆపుకోగల శ్రోతలు దొరకడం మూసిన మందిరంలోనే సాధ్యం.

మిగిలిన పద్ధతుల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. గిటారో పియానోనో పట్టుకుని ఒక్కరే పాడితే చరణాలు బాగానే ఉంటాయి, మధ్యభాగం నిలవదు. లండన్‌లో 2022లో మొదలైన ఆబా వాయేజ్ ప్రదర్శన తరహాలో డిజిటల్ బొమ్మలతో బీటిల్స్‌ను చూపితే చూడముచ్చటగా ఉండవచ్చు. కాని ముందే నిశ్చయమైన ధ్వనికి ఈ పాట ఒప్పుకోదు. నెదర్లాండ్స్‌కు చెందిన ది అనలాగ్స్ వంటి బృందాలు ఆనాటి వాద్యాలనే సేకరించి శ్రద్ధగా వాయించాయి, అది మూడో పద్ధతికి దగ్గర చుట్టమే.

ఇక గాత్రం. నా ఊహలో ఈ పాటకు ఇద్దరు గాయకులు కావాలి. లెనన్ చరణాలు వార్తాపత్రిక చదువుతున్నవాడి కల. మెకార్ట్నీ భాగం బస్సు అందుకోవడానికి పరుగెత్తేవాడి మెలకువ. ఒకే గొంతు రెండూ పాడితే, అది మెకార్ట్నీ గొంతే అయినా, ఆ రెండు లోకాల మధ్య గోడ సగం కూలిపోతుంది. అందుకే ఎవరైనా ఈ పాట ఉన్న కచేరీకి టిక్కెట్టు కొనబోతూ సలహా అడిగితే, గాయకుడి పేరు కన్నా ముందు మూడు సంగతులు తెలుసుకోమంటాను: ఆర్కెస్ట్రా మనుషులదా కీబోర్డుదా, మందిరమా మైదానమా, పాడేది ఒకరా ఇద్దరా. మూడింటికీ మంచి జవాబు వస్తే పాడేవారు ఎవరైనా వెళ్లవచ్చు. మొదటిదానికే కీబోర్డు అని వస్తే, పాడేది మెకార్ట్నీ అయితే తప్ప, ఆ డబ్బుతో బెక్ రికార్డు కొనుక్కోవడం మేలు.