సాగర్ నుంచి సోమశిల దాకా: ట్రైలర్‌కు హైడ్రాలిక్ పైపు లీకైతే ఎక్కడ ఆగాలి

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ 150 కిలోమీటర్లు. అక్కడి నుంచి దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు, మళ్లీ వెనక్కి అచ్చంపేటకు వచ్చి కొల్లాపూర్, చివరికి సోమశిల. క్యాంపింగ్ ట్రైలర్ వేసుకుని తిరగడానికి దక్షిణ తెలంగాణలో ఇంత మంచి దారి ఇంకోటి లేదు. కానీ రాత్రి ఎక్కడ ఆగాలనేది ఒక్క అందాన్ని బట్టి తేల్చుకుంటే ఇబ్బందే. ట్రైలర్‌ను సమంగా నిలబెట్టే జాకీలకు ఒత్తిడితో ఆయిల్ మోసుకెళ్లే పైపుల్లో ఒకటి చెమర్చినా, దగ్గర్లో కొత్త పైపు చివర ఫిట్టింగ్‌ను నొక్కి బిగించే మిషన్ ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

ఆ లెక్కన సాగర్‌కే మొదటి మార్కు. టూరిజం వాళ్ల విజయ్ విహార్‌లో గది తీసుకుని, ట్రైలర్ పెట్టుకోవడానికి చోటు ముందే ఫోన్‌లో అడిగి ఖాయం చేసుకోవాలి. పైపు పోతే మిర్యాలగూడ వైపు వెళ్లొచ్చు. రైస్ మిల్లులు, లారీలు, వరికోత మిషన్లు ఉన్న ఊళ్లో హైడ్రాలిక్ పైపుల పని తెలిసినవాళ్లకు కొదవ ఉండదు. పాలమూరు వైపైతే జడ్చర్ల జంక్షన్. సోమశిల అన్నిటికన్నా అందమైన చోటు, రిపేరుకు మాత్రం అన్నిటికన్నా దూరం. కొల్లాపూర్‌లో ట్రాక్టర్ మెకానిక్ దొరకొచ్చు, కానీ కావాల్సిన ఫిట్టింగ్ దొరుకుతుందని నమ్మకం పెట్టుకోవద్దు. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలే మేలు. శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు మూస్తారు. పులుల అడవి నడుమ జాకీ పైకి లేవక బండి ఇరుక్కుంటే తెల్లారేదాకా సాయం రాదు. అందుకే ఆ దారెక్కే ముందు డిండిలో ఆగి ఒకసారి ట్రైలర్ కిందికి వంగి చూడాలి.

లీకు ఎక్కడుందో కింద పడ్డ బొట్టు చెప్పదు. ఆయిల్ పైపు వెంబడి జారి ఎక్కడో రాలుతుంది. పాలమూరు ఎర్రదుమ్ము ఆయిల్‌కు అంటుకుని ముద్ద కడుతుంది. ఆ ముద్ద ఏ చోట మొదలైందో చూడాలి. చాలాసార్లు అది పైపు ఛాసిస్ అంచు మీదుగా వంగే చోటే ఉంటుంది. బండి ఊగినప్పుడల్లా రబ్బరు ఇనుముకు ఒరుసుకుని, లోపలి తీగ బయటపడి తుప్పు పడుతుంది. చేత్తో మాత్రం తడమొద్దు. లోపల ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చిన్నగా కనిపించినా వెంటనే సర్జన్ దగ్గరికి పరిగెత్తాలి. వెతకడానికి అట్టముక్క వాడాలి.

ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగించడం దండగ. కారు టైరులో గాలి 35 పీఎస్ఐ, ఇక్కడి 200 బార్ అంటే దాదాపు 3,000 పీఎస్ఐ. పైపు మార్చడమే దారి.

ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్ కింద చెక్క దిమ్మెలు సర్ది, బరువు జాకీల మీద లేకుండా చూడాలి. పంపు ఆపి బ్యాటరీ వైరు తీసి, ఒత్తిడి వదిలాకే నట్టును అరచుట్టు మాత్రం తిప్పి, లోపల మిగిలిన ఒత్తిడి పోయేదాకా ఆగాలి. రెండు స్పానర్లు తప్పనిసరి, ఒకటి నట్టు ఎక్కే అడాప్టర్‌ను కదలకుండా పట్టుకోవడానికి. తీసిన వెంటనే రెండు మూతులకూ బిరడాలు బిగించాలి, లోపలికి చిటికెడు మట్టి పోయినా వాల్వు పట్టేస్తుంది.

పాత పైపును రెండు చివర్లతో సహా దుకాణానికి తీసుకెళ్లాలి. తేడా వచ్చేది ఫిట్టింగ్ మర (థ్రెడ్) దగ్గరే. పావు అంగుళం బీఎస్పీ (బ్రిటిష్ పైపు మర) బయటి కొలత 13.2 మిల్లీమీటర్లు, ఎం14 మెట్రిక్ మర 13.9, 9/16 జేఐసీ (అమెరికన్ మర) 14.3. కంటికి మూడూ ఒకటే. తప్పుడు నట్టు రెండు మూడు చుట్లు తిరిగి పట్టేస్తుంది, బలవంతం చేస్తే పంపు బ్లాకు మర కూడా పోతుంది. వెర్నియర్ (మిల్లీమీటర్లో పదో వంతు దాకా కొలిచే పనిముట్టు) పెట్టించి చూడాలి. "అన్నా, సింగిల్ కాదు, టూ వైర్ వెయ్యి, రెండు చివర్లు పాతదాని లెక్కనే ఉండాలె" అని నోరు తెరిచి చెప్పాలి. పావు అంగుళం సింగిల్ వైరు (లోపల ఒక పొర ఉక్కు తీగ అల్లిక ఉన్న) పైపు 225 బార్ పని ఒత్తిడికి, రెండు పొరల టూ వైరు 400 బార్‌కు. టూ వైరు గట్టిదే కానీ తక్కువ వంగుతుంది, కనీసం 100 మిల్లీమీటర్ల వంపు వ్యాసార్ధం కావాలి. కోసిన చివర తిన్నగా ఉందా, రబ్బరు పొడి గాలితో ఊదారా, ఫిట్టింగ్ అడుగుదాకా దిగిందా అని నొక్కకముందే చూడాలి. నొక్కాక ఏమీ కనపడదు.

బిగించేటప్పుడు పైపు మీద అచ్చు వేసిన గీత మెలిక తిరగకుండా ఒకే వైపు ఉండాలి. కోను ఆకారపు అంచు ఒత్తుకుని మూసుకునే ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, తెగిన పోగులు వాల్వులో చేరతాయి. ఒరుసుకున్న చోట పాత పైపు ముక్కను చీల్చి తొడుగులా వేస్తే అదే చోట మళ్లీ లీకు రాదు.

ఆయిల్ విషయంలో మెకానిక్ చెప్పింది కాదు, ట్యాంకు మూత మీద రాసింది పోయాలి. చాలా ట్రైలర్ల పంపులకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) పోస్తారు. జేసీబీకి పోసే 68 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ చిక్కన. బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. జాకీలను పూర్తిగా కిందికీ పైకీ మూడు నాలుగు సార్లు నడిపితే గాలి పోతుంది. నురగ అణిగేదాకా ఆగి, జాకీలన్నీ నేల వదిలి పైకి ముడుచుకుని ఉన్నప్పుడే ట్యాంకులో ఆయిల్ లెవెల్ చూడాలి. దించి ఉన్నప్పుడు నింపితే, ఎత్తగానే ఆయిల్ మూతలోంచి పొంగిపోతుంది.

సోమశిలలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడే ఒడ్డు గట్టిగా కనిపిస్తుంది కానీ లోపల మెత్తన. జాకీ దిగబడితే పక్కబరువు పడి కొత్త పైపునూ గుంజుతుంది. రోడ్డుకు ఆనుకున్న గట్టినేల మీదే ఆపి, ఒక్కో జాకీ కింద రెండడుగుల ప్లైవుడ్ పలక వేయాలి. తెల్లారాక కొత్త నట్ల కింద పెట్టిన తెల్ల కాగితం పొడిగా ఉంటేనే బండి కదిలించాలి.