కుళ్ళాయి చూడాలంటే ముందు చంద్రగిరి, తర్వాతే తిరుమల

విజయనగర రాజులు తలకు పెట్టుకున్న పొడుగు టోపీ, కుళ్ళాయి, లేపాక్షి కప్పు మీది బొమ్మల్లోనూ ఉంది. కానీ అక్కడ మెడ ఎత్తి చూడాలి. మనిషి ఎత్తున, ఎదురుగా నిలబడి చూడాలంటే తిరుపతికే రావాలి.

తిరుమల గుడిలో మహాద్వారం దాటగానే కుడివైపు కృష్ణరాయ మండపం. 1517లో పెట్టిన లోహ విగ్రహాలవి: రాణులు తిరుమలదేవి, చిన్నాదేవిల నడుమ చేతులు జోడించిన కృష్ణదేవరాయలు. చిక్కల్లా క్యూతోనే. జనం తోపులో అక్కడ నిమిషం నిలబడనివ్వరు, పైగా అందరి చూపూ బంగారు వాకిలి వైపే. లోపలికి అడుగు పెట్టేలోపే కుడి అంచుకు చేరండి. సెల్‌ఫోన్లు ముందే డిపాజిట్ చేయాలి కాబట్టి ఫొటో మాటే లేదు.

అందుకే ముందు చంద్రగిరి. రాజమహల్ మ్యూజియంలో ఈ విగ్రహాలకు నకళ్ళున్నాయి, తీరిగ్గా చూడొచ్చు. పొడుగ్గా లేచి, కొన దగ్గర గుండ్రంగా ముగిసే టోపీ, కింద పంచె, మెడలో హారాలు. పైన చొక్కా లేదు. అసలు గమనించాల్సింది అదే. కొలువులో కుళ్ళాయికి జోడీ కబాయి, అంటే పొడుగు చేతుల అంగీ. రెండూ పారశీక దర్బారుల పద్ధతి నుంచి వచ్చినవే. 1520 ప్రాంతంలో రాయల్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, బంగారు గులాబీలు కుట్టిన తెల్లబట్టలు, జరీ టోపీ, చెప్పుల్లేని కాళ్ళు అని రాశాడు. స్వామి ముందు కబాయి పోయింది, కుళ్ళాయి పోలేదు. మన దగ్గర పైబట్ట తీయడం వినయం, తలపాగా తీయడం అవమానం. శిల్పి ఆ తేడా తెలిసే పోతపోశాడనిపిస్తుంది.

తిరుమలలో ఎడమవైపు తర్వాతి రాజులవీ ఉన్నాయి: అచ్యుతరాయలు, ఆయన రాణి వరదాజమ్మల రాతి విగ్రహాలు, వెంకటపతిరాయల రాగి విగ్రహం. కళ్ళు అటు తిప్పే వ్యవధి దొరకడం అరుదు.

శుక్రవారం చంద్రగిరి మ్యూజియానికి సెలవు. అది చూసుకోకుండా బయల్దేరి గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేవాళ్ళు ఎక్కువ. బసకు తిరుపతి బస్టాండు ఎదురుగా ఉన్న శ్రీనివాసం అనువు, చంద్రగిరి బస్సు అక్కడే దొరుకుతుంది. గది మాత్రం ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. కొండ మీద గది దర్శనానికి మేలే గానీ, చంద్రగిరి కోసం మళ్ళీ ఘాట్ దిగాలి.