బేరింగ్ మార్చాక ఏబీఎస్ లైటు వెలిగిందా? మాడ్యూల్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

విజయవాడలో ఒక మల్టీబ్రాండ్ వర్క్‌షాప్ మా కారుకి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) మాడ్యూల్, అంటే దాన్ని నడిపే కంట్రోల్ యూనిట్, పోయిందని చెప్పి 46 వేల రూపాయల ఎస్టిమేట్ చేతిలో పెట్టింది. మాడ్యూల్‌కి ఏమీ కాలేదు. వాళ్లే మార్చిన వీల్ బేరింగ్‌ని తిరగేసి ఎక్కించారు. ఇలాంటి ఎస్టిమేట్ పట్టుకుని ఆలోచిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఒక్కరోజు ఆగండి.

ముందు ఎడమ చక్రం దగ్గర స్పీడు పెరిగేకొద్దీ హోరు వస్తుంటే బేరింగ్ మార్పించాం. హోరు పోయింది. కానీ బండి రోడ్డెక్కి కాస్త స్పీడు అందుకోగానే మీటర్ బోర్డులో ఏబీఎస్ లైటు వెలిగింది, మళ్లీ ఆరలేదు. వెనక్కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి, "ముందు ఎడమ స్పీడ్ సెన్సర్ పోయింది సార్" అన్నారు. పాత సెన్సర్‌ని మల్టీమీటర్‌తో చూపించి ఓపెన్ అయింది, అంటే లోపల తీగ తెగింది అన్నారు, కొత్తది వేసి బిల్లు రాశారు. లైటు అలాగే ఉంది. అప్పుడు మొదలైంది అసలు మాట: "సెన్సర్ కొత్తదే, వైరింగ్ చూశాం, ఇక మిగిలింది మాడ్యూలే."

వినడానికి సబబుగానే ఉంటుంది. జనం డబ్బు కట్టేసేది ఇక్కడే.

ఆ మాటలో లోపం ఎక్కడుందో చెప్తాను. ప్రతి చక్రం దగ్గర ఒక స్పీడ్ సెన్సర్ ఉంటుంది. పాత మోడల్ బండ్లలో అది పళ్ల చక్రాన్ని చదివేది. ఇప్పుడు చాలా కార్లలో ఆ పళ్ల చక్రం లేదు. దాని బదులు బేరింగ్‌కి ఒకవైపు సీల్‌లోనే అయస్కాంతపు రింగు ఉంటుంది, దానిలో ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఆ వైపు సెన్సర్‌కి ఎదురుగా ఉండాలి. కంటికి రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తాయి. తిరగేసి ప్రెస్ చేసినా చక్రం చక్కగా తిరుగుతుంది, శబ్దం రాదు. సెన్సర్‌కి మాత్రం ఏమీ అందదు. మిగతా మూడు చక్రాలు తిరుగుతున్నాయి, ఇది ఆగిపోయి ఉంది అనుకుని మాడ్యూల్ ఒక లోపం కోడ్ (స్కానర్‌లో కనిపించేది) రాసి లైటు వేస్తుంది. అంటే మాడ్యూల్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది! కోడ్ చెప్పేది ఆ చక్రం నుంచి సిగ్నల్ రావడం లేదని మాత్రమే. ఎందుకు రావడం లేదో వెతకడం మెకానిక్ పని.

ఆ మల్టీమీటర్ పరీక్ష కూడా తప్పే. లోపల తీగచుట్ట మాత్రమే ఉండే పాత రకం సెన్సర్‌కి ఓమ్స్ (విద్యుత్ నిరోధం) చూడొచ్చు. ఇలాంటి బేరింగ్‌లతో వచ్చే సెన్సర్ లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, అది కరెంటు అందితేనే పనిచేస్తుంది. దాన్ని ఓమ్స్‌తో పోయిందని తేల్చడం కుదరదు.

నిజం తేల్చింది ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన స్కానర్ తీయకముందే అడిగిన ప్రశ్న, "ఈ మధ్య చక్రాల దగ్గర ఏమైనా పని చేయించారా సార్?" తర్వాత స్కానర్‌లో లైవ్ డేటా (ఒక్కో చక్రం స్పీడు అప్పటికప్పుడు చూపించేది) పెట్టి బండి మెల్లగా నడిపించారు. మూడు చక్రాలు 18, 19 చూపిస్తుంటే ముందు ఎడమది సున్నా. ముందు రెండు చక్రాల సెన్సర్లూ విప్పి, ఆ రంధ్రాల్లోంచి బేరింగ్‌కి సన్నటి ఇనుప పిన్ను తాకించారు. కుడి చక్రం దగ్గర పిన్ను అతుక్కుంది, ఎడమ చక్రం దగ్గర అతుక్కోలేదు. బేరింగ్ విప్పితే అయస్కాంతం వైపు బయటికి ఉంది. ప్రెస్‌తో ఊడదీసిన బేరింగ్‌ని మళ్లీ వాడకూడదు కాబట్టి కొత్తది వేశారు. కూలీతో కలిపి 3,400. కోడ్ చెరిపి కొంచెం దూరం నడపగానే లైటు ఆరిపోయింది, మళ్లీ రాలేదు.

మాడ్యూల్ ఎప్పుడూ పోదని నేను అనడం లేదు. పంప్ మోటార్, లోపలి వాల్వులు, బోర్డు పాడవుతాయి, అప్పుడు ఆ కోడ్లు వేరుగా వస్తాయి. ఒక్క చక్రం సెన్సర్ కోడ్ చూపించి మాడ్యూల్ అంటే మాత్రం ఒప్పుకోకండి. లైవ్ డేటాలో నాలుగు చక్రాల స్పీడూ మీ కళ్లతో చూడండి, ఫొటో తీసుకోండి. మన దగ్గర ఎలుకలు కొరికిన వైర్లు, సెన్సర్ మొన మీద పేరుకున్న ఇనుప రజను, నీళ్లు దిగిన కనెక్టర్, బలం తగ్గిన బ్యాటరీ కూడా ఈ లైటు వేయిస్తాయి. ఆన్‌లైన్‌లో దొరికే చౌక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ చదివేది కావాలి. "ఈ పార్టు వేశాక లైటు ఆరకపోతే పార్టు వెనక్కి తీసుకుంటాం" అని ఎస్టిమేట్ మీదే రాయించుకోండి. తీసిన పాత సామాను అడిగి తెచ్చుకోండి.

ఏబీఎస్ లైటు ఒక్కటే ఉంటే మామూలు బ్రేకు పనిచేస్తుంది, కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి స్టీరింగ్ మాట వినకపోవచ్చు. దాంతోపాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే బండి పక్కన ఆపేయండి. నడిపి షెడ్డుకి తీసుకెళ్లొద్దు.

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నవాళ్లకి ఒక మాట. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. కీ ఆన్ చేయగానే ఆ లైటు వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో దాచారని అనుమానించండి. వెలిగి ఆరినా సరిపోదు. కోడ్ చెరిపి అమ్మే బండిలో కాసేపు నడిపాకే మళ్లీ వెలుగుతుంది కాబట్టి కొన్ని కిలోమీటర్లు నడిపి చూశాకే బేరం మాట్లాడండి.

సెన్సర్ డబ్బు, రెండోసారి బేరింగ్ ఖర్చు తిరిగి ఇవ్వమని ఆ వర్క్‌షాప్‌ని రాతపూర్వకంగా అడిగాను. "అది మేం వేసిన బేరింగ్ అని గ్యారంటీ ఏంటి" అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే కేసుకి ఫీజు లేదు. తిరగేసి వేసిన ఆ బేరింగ్, బిల్లులు, లైవ్ డేటా ఫొటోలు అన్నీ నా దగ్గరే ఉన్నాయి.